పియానో పక్కన మా అవ్వ

నా చిన్నప్పుడు, కోవిల్‌పట్టిలో ఆడపిల్లల బడికి మదరాసు నుంచి ఒకావిడ పియానో వాయించడానికి వచ్చింది. నేనప్పుడు మూడో తరగతి. ఇంటికొక పెద్దమనిషిని తీసుకురావచ్చన్నారు. అమ్మ పత్తి ఏరడానికి పోయింది కాబట్టి మా అవ్వ వచ్చింది. సద్దు చేస్తే ఆ ఇంటి పిల్లను బడిలోంచి పంపేస్తానని పెద్ద టీచరమ్మ ముందే చెప్పింది. మా అవ్వకా, మెల్లగా మాట్లాడటం పుట్టుకతోనే రాదు. దారి పొడుగునా ఆమెను బతిమాలుకుంటూ నడిచాను.

ఆవిడ ఒక్కతే వాయించింది. తాళం వేసేవాళ్లు లేరు, శ్రుతి పట్టేవాళ్లు లేరు. ప్రతి పాటకూ ముందు అది ఎంత పాతదో అరవంలో చెప్పేది. మొదటిది మూడు వందల ఏళ్ల నాటిదట. ముందు విత్తే గొర్రు, వెనక మట్టి కప్పే గుంటక పోయినట్టు రెండు చేతులూ ఒకదాని వెంట ఒకటి పోయాయి. రెండోది పెళ్లివారి నడక. నవ్వుతూ, ఆగి పలకరిస్తూ సాగింది. అవ్వ నోరు తెరుచుకుని చూస్తోంది. నాకు ప్రాణం కుదుటపడింది.

మూడో పాటలో ఎడమచేయి కింద ఒకటే దెబ్బ, రొమ్ము బాదుకున్నట్టు. పైన కుడిచేయి సాగదీసి సాగదీసి ఏడుస్తోంది. అవ్వ లేచింది.

"ఏందే ఇది! ఆ బిడ్డ ఒంటిగా ఏడస్తా ఉండాది, అందరూ కుర్చీల్లో కూసోని సూస్తా ఉండారే!"

"అవ్వా, కూసో! అది పాట!"

"పాటైతే ఏడుపు కాదా? పోవే!"

మా ఊళ్లలో చావింట్లో ఒక ఆడది ఒప్పారి, అంటే పోయినవాళ్ల మీద ఏడుపు పాట, ఎత్తుకుంటే మిగతావాళ్లు దూరంగా కూర్చోరు. పోయి పట్టుకుని, తామూ గొంతు కలుపుతారు. అవ్వకు తెలిసిన మర్యాద అదే. వేదిక మెట్లెక్కి, ఆవిడ వీపు మీద చేయి వేసి నిలబడింది. హాలంతా నవ్వింది. నా బడి పోయిందనుకుని మోకాళ్లలో తల దాచుకున్నాను.

ఆవిడ చేతులు ఆగలేదు. నవ్వే ఆగిపోయింది. పాట అయ్యాక ఆవిడ పక్కకు జరిగి, అవ్వను తన బల్ల మీదే కూర్చోబెట్టుకుంది. చివరిది ఈ కాలపు పాట. ఎండిన రేగడి మీద తొలి చినుకులు అక్కడొకటి ఇక్కడొకటి రాలినట్టుంది. అదంతా అవ్వను పక్కన పెట్టుకునే వాయించింది. మూడో పాట పోయినవాళ్ల కోసం కట్టిందేనని, ఎన్ని ఊళ్లలో వాయించినా తన దగ్గరికి లేచి వచ్చింది ఈమె ఒక్కతేనని ఆ తరువాత టీచరమ్మతో చెప్పింది. టీచరమ్మ నన్ను పల్లెత్తు మాట అనలేదు.

చాలా ఏళ్లకు, విరుదునగర్‌లో కాపురం పెట్టిన కొత్తలో, మా ఆయన పోయాడు. చుట్టూ ఎరిగినవాళ్లు లేరు. ఒంటిగానే ఒప్పారి ఎత్తుకున్నాను. ఎదురింటి అరవ ఆమె, పేరైనా తెలియదు, వచ్చి నా భుజం పట్టుకుంది. ఆ చేయి తగలగానే మా అవ్వ మెట్లెక్కడం కళ్ల ముందు కనిపించింది.

అప్పటినుంచి ఏ ఇంట్లో ఏడుపు వినిపించినా ఎవరని అడగను, పోతాను. పోయి పోయి గొంతు ఇలా బొంగురుపోయింది, ఇప్పుడు ఒప్పారి పదం పైకి రాదు. చేయి వేస్తాను.