అక్క చెరుకు, ఇంజెక్టర్ వైరు

మా ఆయన ఆదివారం పానా పట్టడు. బొంబాయి రోడ్డు పక్కన బండ్ల కరెంటు పని షెడ్డు పెట్టినప్పటి నుంచీ అదే నియమం. లారీవాళ్లు ఇంటికొచ్చి బతిమాలినా చాయ్ తాగించి, సోమవారం రమ్మని పంపుతాడు. ఆ నియమం మీద ఆయన కంటే నాకే పట్టుదల ఎక్కువ. సండే స్కూలు పిల్లలకు విశ్రాంతి దినం పాఠం చెప్పేది నేనే.

ఆ ఆదివారం ప్రభువు పేర రొట్టె, పాత్ర పంచుకునే సంస్కారపు ఆరాధన. కోహీర్ దగ్గర పల్లెలో ఉండే మా అక్కను చర్చికి తీసుకురావాలి. తుంటి విరిగి లోపల రాడ్డు వేయించుకున్నాక ఆమె సంఘంతో కలిసి సంస్కారం తీసుకోలేదు. పాస్టరుగారు ఇంటికే వచ్చి ఇస్తానన్నారు. అక్క ఒప్పుకోలేదు.

"ఒక్కదాన్నే మంచం మీద తీస్కుంటె ఎట్ల? అందరి నడుమ కూసొనే తీస్కుంట," అంది.

ఆటోలో ఆ కాలు మడవడం కుదరదు. కారు ముందు సీటు వెనక్కి వాల్చి కూర్చోబెట్టాల్సిందే.

పొద్దున్నే కారు స్టార్ట్ చేస్తే చలిజ్వరం వచ్చినట్టు వణికింది. పికప్ లేదు. హైవే మీద లారీల మధ్య ఆగిపోతే అక్క గతేమిటి? మా ఆయన బానెట్ ఎత్తి, చేతులు వెనక్కి కట్టుకుని నా మొహం చూశాడు.

"గుంటల పడ్డ ఎద్దును విశ్రాంతి దినాన తియ్యొచ్చని ప్రభువే చెప్పిండు గద," అన్నాను.

"ఎద్దయితే కనబడ్తది. ఇది ఏడ పడ్డదో ఎవరికెరుక," అంటూనే చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు.

సాయానికి నన్నే పెట్టుకున్నాడు. పొడవాటి స్క్రూడ్రైవర్ కొనను ఒక్కో ఇంజెక్టర్ మీద ఆనించి, పిడికి చెవి పెట్టి వినమన్నాడు. పెట్రోలు చిమ్మేటప్పుడు అది టక్‌టక్‌మనాలట. అన్నీ పలికాయి, చివరిది తప్ప. అది పాడైందనుకున్నాను. అప్పుడే తేల్చొద్దన్నాడు. ఇంజన్ ఆపి, దాని వైరు ప్లగ్గు ఊడదీసి, అందులో చిన్న టెస్టు బల్బు గుచ్చాడు. బల్బు మిణుకుమిణుకుమంటే వైరు మంచిదే, చెడింది ఇంజెక్టర్. ఆదివారం కొత్తది దొరకదు. వెలగకపోతే వైరు ఎక్కడో తెగినట్టు. అది ఆయన చేతిలో పని. మళ్లీ స్టార్ట్ చేసేలోగా నేను కళ్లు మూసుకున్నాను. దీపం వెలగకూడదని ప్రార్థన చేయడం నా జన్మలో అదొక్కసారే.

వెలగలేదు.

బల్బు మీంచి కన్ను తీయొద్దని చెప్పి, ఆయన వైర్ల కట్టను జానెడు జానెడు కదుపుతూ పోయాడు. ఇంజన్ వెనక వంపు దగ్గర చెయ్యి పడగానే బల్బు మినుక్కుమంది. "ఆడనే," అన్నాను. చూస్తే తొడుగు కొరికి ఉంది, రాగి పోగులు తెగి ఉన్నాయి. పక్కనే కాస్త చెరుకు పిప్పి.

అది ఎక్కడిదో ఇద్దరికీ తెలుసు. కోతకాల పండుగకు అక్క తన పొలంలోని మొదటి చెరుకు మోపు చర్చికి పంపుతుంది. ఆరాధన అయ్యాక కానుకలు వేలం వేస్తారు. వదిన మోపు ఇంకొకరికి పోవడమేమిటని మా ఆయన ఏటా పంతం పట్టి పాడుకుంటాడు. ఇంట్లో తినేది ఇద్దరం. మిగిలిన గడలు కారు పెట్టే కొట్టంలో, కారు పక్కనే గోడకు ఆనుకుని ఉండిపోయాయి.

ఎలుకలు కూడా పండుగ చేసుకున్నాయన్నాను. ఆయన వైరు చెక్కి, కలిపి, సోల్డర్ పెట్టి, టేపు చుట్టాడు. ఈసారి చెవి పెడితే చివరిది కూడా పలికింది.

అక్కను ఎక్కించుకుని చర్చికి చేరేసరికి మొదటి పాట అయిపోయింది. అక్క కర్ర ఊతంతో నడిచి వస్తుంటే నడిమి బెంచీవాళ్లు అటూ ఇటూ జరిగారు. పాత్ర అందుకునేటప్పుడు ఆమె ఒక చెయ్యి కర్ర మీదే ఉంటే పక్కామె తన చెయ్యి కలిపింది. మా ఆయన చాచిన అరచేతిలో గ్రీజు మరక ఎంత కడిగినా పోలేదు. రొట్టె ముక్క ఆ మరక మీదే పడింది. నాకు తప్పనిపించలేదు.

తిరిగి దింపేటప్పుడు సంగతి చెబితే అక్క తుంటి పట్టుకుని నవ్వింది.

"మరిదీ, వచ్చే యేడు అల్లం పంపుత. ఎలుకలు ముట్టయి, నీ పెండ్లాం చాయ్‌ల ఏసుకుంటది."

"చెరుకే పంపు వదినా," అన్నాడాయన. "కారే బయట పెట్టుకుంట."