గడ్డి మీద కాలు పెట్టని బాబాయి గారు

బాబాయి గారు పోయారన్న కబురు నేను ఆఫీసులో ఉండగా తెలిసింది. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో, నీళ్ల ట్యాంకర్ ఆలస్యమన్న ముక్కకీ, ఎవరో కారు అడ్డంగా పెట్టారన్న ఫొటోకీ మధ్య వచ్చింది. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. ఆ బొమ్మలు చూడగానే ఏడుపు కన్నా ముందు ఒళ్లు మండింది. అవి పెట్టినవాళ్లలో ఒక్కరు కూడా ఆయన మాట చివరిదాకా విన్నవాళ్లు కారు.

ఆయన మాకు చుట్టం కాదు. పుప్పాలగూడలో మా పక్క ఫ్లాటు. మాది గుంటూరు వైపు, పెద్దవాళ్లను వరస కలపకుండా పిలవడానికి నాకు నోరు రాదు. ఆయన నన్ను ‘బిడ్డా’ అనేవారు. డెబ్భై ఒకటి యుద్ధంలో పోరాడిన సిపాయి. మా అపార్ట్‌మెంట్ లేచిన నేల ఒకప్పుడు వాళ్ల జొన్నచేనే.

పొద్దున్నే ఆయనా, పిన్ని గారూ, నేనూ లాన్ చుట్టూ నడిచేవాళ్లం. ఆయన సిమెంటు బాట దిగేవారు కాదు. పిల్లల బంతి రెండడుగుల దూరంలో గడ్డిలో పడినా తీసేవారు కాదు. నేను ఆఫీసుకు బయల్దేరుతుంటే మాత్రం గుమ్మంలోంచి, “పోయిన తొవ్వనే తిరిగి రా బిడ్డా” అనేవారు. పూటకో రోడ్డు తవ్వి పోసే ఈ ఊళ్లో పోయిన దారినే రావడం ఎలాగండీ అని నేను వేళాకోళం ఆడేదాన్ని.

పంద్రాగస్టు వస్తే లాన్‌లో జెండా ఎగరేసి ఆయనకు శాలువా కప్పడం మా అసోసియేషన్‌కు ఆనవాయితీ. ఏటా లాన్ మధ్యలోనే వేదిక, ఏటా ఆయన బాట అంచునే నిలబడడం. పోయిన ఏడాది కార్యదర్శి విసుక్కుంటూ మైకు అక్కడికే తెచ్చి, “మన ఫౌజీ సారుకు బూట్లకు మట్టి అంటుతుందని బెంగ!” అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. “ఎంతమందిని కాల్చారో పిల్లలకు చెప్పండి సార్!” అంటూ మైకు ఆయన చేతికిచ్చాడు.

“నా దోస్తు ఒకడుండె,” అని బాబాయి గారు మొదలుపెట్టారు. “లడాయి అయిపోయినంక సచ్చిండు...”

“ఇవాళ పండగ కదండీ, కాస్త హుషారుగా ఉండేది చెప్పండి,” అంటూ కార్యదర్శి మైకు లాక్కుని పాట పెట్టించాడు. బాబాయి గారు శాలువా మడత పెట్టుకుని ఇంటికి వెళ్లిపోయారు.

మర్నాడు నడకలో నేనే అడిగాను, “ఆ దోస్తుకు ఏమైందండీ బాబాయి గారూ?”

“మైన్లు, గవే మందుపాతరలు, పెట్టుడు మా పని బిడ్డా. నేను, వాడు కలిసి పెట్టినం. లడాయి ఆగింది, గెలిచినమన్నరు, మిఠాయిలు పంచిర్రు. ఇగ పెట్టినయన్నీ మేమే తీయాలె. వానలకు గడ్డి ఏపుగ పెరిగింది. ఏది యాడుందో మాకే తెల్వకుంటైంది. పోయిన అడుగుల్లోనే తిరిగి రావాలె, గదొక్కటే ఉపాయం. వాడు ఒక్క అడుగు పక్కకు ఏసిండు.”

తర్వాత లాన్ వైపు చూపించారు.

“గీ చేన్ల ఉత్తకాళ్లతోని ఉరికేటోణ్ణి. దుష్మన్ పెట్టిన మైను కాదు బిడ్డా అది, మాదే. నేను పెట్టిందో, వాడు పెట్టిందో. గిది ఒక్కపాలి నలుగురిల చెప్పి పోవాలనుంది. గెలిచిన ముచ్చటైతే అందరు వింటరు.”

మళ్లీ పంద్రాగస్టు రాకముందే ఆయన పోయారు.

మూడో రోజు సాయంత్రం సంతాప సభ. ఎక్కడ పెట్టారనుకున్నారు? లాన్‌లోనే. పొద్దున గడ్డి కత్తిరించి, అప్పుడే నీళ్లు కొట్టి, నట్టనడుమ ఆ తడిగడ్డి మీదే ఆయన ఫొటోను కుర్చీకి ఆనించి దండేశారు. “శత్రువుల గుండెల్లో నిద్రపోయిన వీరుడు!” అని కార్యదర్శి ఊగిపోతున్నాడు. పిన్ని గారు బాట అంచున నిలబడి ఉన్నారు.

“రండమ్మా, ముందు వరసలో కూర్చోండి,” అని పిలిచాడు.

“నేను ఈడనే ఉంట,” అన్నారామె.

“మోకాళ్ల నొప్పులు కాబోలు,” అని మైకులోనే సర్దిచెప్పాడు.

ఇక నావల్ల కాలేదు. చరచరా వెళ్లి దండతో సహా ఫొటో ఎత్తుకున్నాను. “ఏంటండీ ఇది, సభ నడుస్తుంటే!” అన్నాడు. “ఆయన్ని బతికుండగా మాట్లాడనివ్వలేదు. ఇప్పుడైనా నోరు మూసుకుని వినండి,” అన్నాను. జన్మలో ఎవరినీ అంత మాట అని ఎరగను. తడిగడ్డి మీద నా చెప్పుల అచ్చులు కనిపిస్తున్నాయి. వాటిలోనే అడుగులు వేస్తూ, పోయిన తోవనే వెనక్కి వచ్చాను. ఫొటోను సిమెంటు బాట మీది బెంచీపై పెట్టి, మైకు లేకుండానే ఆ దోస్తు సంగతి మొదటినుంచీ చెప్పాను.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముందు వరసలో ఒకాయన మెల్లగా కాళ్లు పైకి తీసి కుర్చీ మీద పెట్టుకున్నాడు. పిన్ని గారు బెంచీ మీద కూర్చుని, ఫ్రేము అడుగున అంటుకున్న గడ్డిపరకలను ఒక్కొక్కటే ఏరి పారేస్తున్నారు.