తాతబాబు కుట్టిన చొక్కాలు

యారాడలో తాతబాబు బాగుచేసిన వల మళ్లీ అదే చోట తెగదని పేరు. నలభై ఏళ్లు సముద్రం మీదికి వెళ్లాడు. మోకాలు మొరాయించాక వేట మానేశాడు. ఇప్పుడు పొద్దుటిపూట ఇంటి ముందు చాప పరుచుకుని ఊళ్లోవాళ్ల వలలు బాగుచేస్తాడు. భార్య సూర్యకాంతమ్మ పోయి రెండేళ్లయింది.

మొదటి కాన్పుకు కూతురు దేవిశ్రీ పుట్టింటికే వచ్చింది. ఆమె అత్తగారు కామేశ్వరికి అది నచ్చలేదు. దువ్వాడ నుంచి ఫోను చేసింది.

"ఆడదిక్కు లేని ఇంట్లో పురుడేటన్నయ్యా? పిల్లకి గుడ్డముక్క కుట్టీవోళ్లు కూడా లేరు."

ఆ మాట తాతబాబుకు గుచ్చుకుంది.  

ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోలకు కాస్త ఎక్కువ. మెత్తటి నూలు బట్టలే వెయ్యండి, వెచ్చగా ఉంచండి అని చెప్పి ఆసుపత్రివాళ్లు పంపించేశారు. బజారులో కొన్న గౌను మెడ దగ్గర ఒరుసుకుని పిల్ల ఒళ్లు కందింది. పైగా దాన్ని తల మీంచి తొడగాలి. మెడ నిలవని పిల్లకు అది తొడగాలంటే దేవిశ్రీ భయపడేది.

పదకొండో రోజు పురుడు స్నానం కాగానే తల్లినీ పిల్లనూ తీసుకుపోతానని కామేశ్వరి కబురు పెట్టింది.

"నాను మూడోనెల దాకా కదల్ను నాన్నా," అంది దేవిశ్రీ. అంది గానీ, అత్త ఎదురుగా ఆ మాట అనే ధైర్యం ఆమెకు లేదని తాతబాబుకు తెలుసు.

తొమ్మిదో రోజు అతను పెట్టెలోంచి తన పాత పంచె తీశాడు. ఎన్ని ఉతుకులు చూసిందో. చెంపకు ఆనించుకున్నాడు. ఏమీ తగిలినట్టు లేదు, అంత మెత్తన. వేడినీళ్లలో ఉతికి ఎండకు ఆరేశాడు. ఆరాక కత్తెర పట్టుకున్నాడు.

వల కోసం వచ్చిన పోలిరాజు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"ఏటి బావా, నెత్తళ్ల సేపలకి సొక్కాలేటి?"

"మనవరాలికి బావా."

"మరి సేతులేవీ దానికి?"

"పెడతాను. ముందు నువ్వు ఎలుతురుకి అడ్డం తప్పుకో."

సన్న సూది అతని మొద్దు వేళ్లలో నిలిచేది కాదు. తల మీంచి తొడిగే పని లేకుండా చొక్కా ముందు భాగం పూర్తిగా తెరిచి ఉంచాడు. నాడాలు పెట్టాడు. మధ్యాహ్నానికి ఒకటి తయారైంది. పిల్లకు తొడిగి నాడాలు తనే కట్టాడు.

పావుగంటకు పిల్ల తడిపింది. దేవిశ్రీ ముడి విప్పబోయింది. రాలేదు. గోటితో లాగింది. తడిసిన నాడా ఇంకా బిగుసుకుంది. పిల్ల గుక్కపట్టింది.

"ఇదేటి ముడి నాన్నా! ఇది పిల్లా, సొరసేపా?"

తాతబాబు వంగి చూశాడు. వల కన్నుకు వేసే ముడి. చెయ్యి దానంతట అదే వేసేసింది. తడిసేకొద్దీ, లాగేకొద్దీ బిగిసే ముడి అది. అతనికీ ఊడి రాలేదు. కత్తెరతో నాడాలు కత్తిరించాడు. ఈ గొడవలో దేవిశ్రీ గోరు తగిలి పిల్ల రొమ్ము మీద సన్నగా గీసుకుంది.

ఆ సాయంత్రం అతను సూది ముట్టలేదు. రేవులో చోటు కోసం కాచుకున్న ఓడలు దూరంగా నీళ్ల మీద నిలబడి ఉన్నాయి. వాటిని చూస్తూ కూర్చున్నాడు. కామేశ్వరి అన్నది నిజమేనేమో.

పొద్దున్న ఒడ్డుకు వెళ్లాడు. ఎవరో పడవ తాడు విప్పుతున్నారు. కొస పట్టుకుని ఒక్కసారి లాగారు. తాడు ఊడి చేతిలోకి వచ్చింది. ఆ ముడి తాతబాబు కూడా నలభై ఏళ్లు వేసిందే. వలకు ఒక ముడి, ఒడ్డుకు ఒక ముడి. పసిపిల్లకు ఏది వెయ్యాలో మాత్రం ఎన్నడూ ఆలోచించలేదు.

ఇంటికొచ్చి మళ్లీ కూర్చున్నాడు. ఈసారి నాడాలు రొమ్ము మీద కాకుండా పక్కకు పెట్టాడు. లోపల ఒత్తకుండా కుట్లు పైకి వచ్చేలా కుట్టాడు. పొద్దుగూకే వేళకు రెండు చొక్కాలు అయ్యాయి.

మర్నాడు పురుడు స్నానం కాగానే కామేశ్వరి కారులో వచ్చింది. కొడుకు, అంటే దేవిశ్రీ భర్త ఉదయ్‌కుమార్, స్టీల్‌ప్లాంటులో షిఫ్టు దిగి నేరుగా ఆమెను తీసుకొచ్చాడు. ఆమె పిల్లను ఒళ్లోకి తీసుకుంది.

"కుట్లు పైకున్నాయేటి? తిరగేసి తొడిగినావా దేవీ?"

"కావాలనే అలగ కుట్టేడు నాన్న. లోపలుంటే ఒరుసుకుంటాదని."

"మీ నాన్న కుట్టేడా?"

కామేశ్వరి కుట్టు వెంట వేలు పోనిచ్చింది. వంకరగా ఉంది, గట్టిగా ఉంది. అంతలో పిల్ల తడిపేసింది.

"ఓలమ్మో, నా సీర!"

ఆమె నాడా కొస పట్టి లాగింది. ఒడ్డు ముడి కదా, విడిపోయింది. చొక్కా తెరుచుకుంది. పిల్ల ఏడవలేదు. కామేశ్వరి కళ్లు రొమ్ము మీది గీత దగ్గర ఆగాయి.

"ఇదేటి?"

దేవిశ్రీ తల దించుకుంది. తాతబాబు ఊరుకుంటే ఊరుకోవచ్చు.

"నా వల్లే సెల్లెమ్మా. మొదటి సొక్కాకి వల ముడేసేసేను. రాక, కత్తిరించాల్సొచ్చింది. ఆ తొందర్లో గీసుకుంది."

 కామేశ్వరి పెదవులు బిగించింది. ఆగలేక నవ్వేసింది.

"పడవ మీద బతికినోడు, మా ఆయనా అంతే అన్నయ్యా. ఈడి ఉయ్యాలకి లంగరు ముడేసేడు. ఇప్పలేక ఈడు నడిసీదాకా అది అలగే ఏలాడింది."

"అమ్మా, సామాన్లు కార్లో పెట్టేనా?" అన్నాడు ఉదయ్‌కుమార్ సిగ్గుపడుతూ.

కామేశ్వరి చెయ్యూపి అతన్ని ఆగమంది. పిల్లకు రెండో చొక్కా తొడిగింది.

"ఈ రెండూ ఏ మూలకి? రోజుకి పదిసార్లు తడుపుతాది. ఇంకో ఆరు కుట్టన్నయ్యా. మూడోనెల్లో వచ్చి తల్లినీ పిల్లనీ పట్టుకెల్తాను."

దేవిశ్రీ చప్పున గోడవైపు తిరిగింది. తాతబాబు మిగిలిన గుడ్డను చాప మీద పరిచాడు.

"మూడోనెలకి ఎంతవుద్ది సెల్లెమ్మా?"

కామేశ్వరి గుడ్డ మీద చెయ్యి ఆనించింది. ఒక జాన. దాని పక్కన నాలుగు వేళ్లు.

"ఇంత. సంకల కాడ వదులుంచు."

కారు కొండ దారి ఎక్కేదాకా దేవిశ్రీ గుమ్మంలోనే నిలబడింది. తన ఇంట్లో పిల్ల ఇంకాస్త ఒళ్లు చేస్తుందని తాతబాబు కామేశ్వరి చూపిన కొలతకు ఇంకో రెండు వేళ్లు కలిపి కత్తిరించాడు.