మా వదిన కూర్చుంటేనే తెరుచుకున్న పెన్‌డ్రైవ్

నేను బంగారు గనుల ఊరు రాబర్ట్‌సన్‌పేటలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు చెప్తాను. మూతపడిన గని వైపు నుంచి సుత్తుల చప్పుడు వినిపిస్తోందని ఏటా ఎవరో ఒక పిల్ల చెప్తుంది. ఆ పిల్లను వెంటబెట్టుకుని వెళ్ళి, గాలికి కొట్టుకుంటున్న ఊడిన రేకును చూపించి వచ్చే రకం మనిషిని నేను. ఇప్పుడు చెప్పబోయేది ఇంకొకరి నోట వింటే నేనే నవ్వేసేదాన్ని.

మా ఇంట్లో ఒక పాత కంప్యూటర్ ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్నది. ల్యాప్‌టాప్ వచ్చాక కూడా దాన్ని పారెయ్యకపోవడానికి ఒకటే కారణం. పదో తరగతి పిల్లల కోసం ఇన్నేళ్ళూ నేను కన్నడంలో టైపు చేసిన నోట్సు, ప్రశ్నలు అన్నీ ఒక పాత ఫాంటులో ఉన్నాయి. ఆ ఫాంటు ఆ కంప్యూటర్లో తప్ప ఎక్కడా పనిచెయ్యదు. వేరేచోట తెరిస్తే అక్షరాల బదులు చుక్కలూ కొక్కేలూ కనిపిస్తాయి. ఫైళ్ళు మాత్రం పెన్‌డ్రైవ్‌లో ఉంచుకున్నాను, లోపలి డిస్కు ఎప్పుడో నిండిపోయింది కాబట్టి.

పోయిన జనవరిలో, పరీక్షలకు రెండు నెలలు ఉందనగా, ఆ కంప్యూటర్ పెన్‌డ్రైవ్‌ను చదవడం మానేసింది.

మా పిల్లల్లో సగంమంది తల్లిదండ్రులు తెల్లవారుజాము రైలుకు బెంగళూరు పనికి వెళ్ళి చీకటి పడ్డాక వస్తారు. ట్యూషన్లు లేవు. నా నోట్సే వాళ్ళ ట్యూషన్. అందుకే కంగారుపడ్డాను.

చెయ్యాల్సినవన్నీ చేశాను. ముందువైపు రంధ్రంలోంచి తీసి వెనకవైపు పెట్టాను. స్పిరిట్, దూదితో తుడిచాను. ఆపి మళ్ళీ ఆన్ చేశాను. వేరే పెన్‌డ్రైవులు రెండు, పక్కింటివాళ్ళ హార్డ్ డిస్కు కూడా గుచ్చి చూశాను. ఒక్కటీ కనిపించలేదు. నా పెన్‌డ్రైవ్ ల్యాప్‌టాప్‌లో మాత్రం లక్షణంగా తెరుచుకుంది. నిండా చుక్కలూ కొక్కేలూ.

బజారు వీధిలో కంప్యూటర్లు బాగుచేసే సెల్వాన్ని పిలిచాను. అతను గంటసేపు సాఫ్ట్‌వేర్లు ఏవేవో తీసి మళ్ళీ ఎక్కించి, "వయసైపోయినాది టీచర్. దాన్ని ఇంగ సతాయించొద్దు," అని వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం మా వదిన రత్నమ్మ వచ్చింది. మావారి అక్క. ఆండర్సన్‌పేటలో ఉంటుంది. మాకు మూడేళ్ళుగా మాటల్లేవు. మా గృహప్రవేశంలో నేను పూర్ణం పెట్టి చేసిన ఒబ్బట్టును నలుగురి ముందు పట్టుకుని, "దీన్ని కింద పెడితే తలుపు గాలికి కదలదు," అంది. నేను కూడా ఏదో అన్నాను. అది ఇక్కడ రాయను.

మావారు స్నానాల గదిలో జారి కాలు బెణికించుకున్నారని తెలిసి చూడ్డానికి వచ్చింది. నావైపు చూడకుండా నడిచి వచ్చి, నేను ఆశ చావక పెన్‌డ్రైవ్ గుచ్చి ఆన్ చేసి ఉంచిన కంప్యూటర్ పక్కనున్న కుర్చీలో కూర్చుంది. నేనూ చూడలేదు.

టంగ్ మని చప్పుడైంది. తెర మీద పెన్‌డ్రైవ్ తెరుచుకుంది.

నేను చేతిలో కాఫీ గ్లాసుతో అలాగే నిలబడిపోయాను. మొదటి పాఠం తెరిచి చూస్తే, చక్కటి కన్నడ అక్షరాలు. అరగంటకు వదిన వెళ్ళిపోయింది. గేటు చప్పుడయ్యేసరికి పెన్‌డ్రైవ్ కూడా మాయమైంది.

కాకతాళీయం అనుకున్నాను. కానీ వదిన తమ్ముణ్ణి చూడ్డానికి మర్నాడు వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. మూడు రోజులూ అదే జరిగింది.

సైన్సు టీచర్ని కదా, పరీక్షలు పెట్టాను. మనిషి బరువుకు నేల అదిరి ఎక్కడో వైరు తగులుతోందేమోనని రాగుల మూట ఆ కుర్చీలో పెట్టాను. లాభం లేదు. పాలుపోసే ఆమెను కూర్చోబెట్టాను. ఆమె రెండు నిమిషాలు కూర్చుని భయపడి వెళ్ళిపోయింది. వదిన మర్చిపోయిన గొడుగును కంప్యూటర్‌కు ఆనించాను. మావారిచేత ఫోన్ చేయించి ఆమె గొంతును స్పీకర్లో వినిపించాను. కంప్యూటర్ దేనికీ కదల్లేదు.

మావారు మంచం మీద నుంచి ఇదంతా చూసి, "అక్కనే పిలవరాదా?" అన్నారు.

ఏమని పిలవాలి? నువ్వుంటే నా కంప్యూటర్ పనిచేస్తుందని ఎలా చెప్పను? చివరికి, అవరెకాయలు, అంటే అనపకాయలు, ఒలవడానికి సాయం రమ్మన్నానని ఆయనచేత చెప్పించాను. సీజన్ కాబట్టి నమ్మేలా ఉంది.

వదిన వచ్చింది. ఆమె కుర్చీలో కూర్చుని కాయలు ఒలిచేది. నేను పక్కన ఒక్కొక్క ఫైలే తెరిచి, పెన్‌డ్రైవ్‌తో సంబంధం లేని వేరే లైనులో ఉన్న పాత ప్రింటర్లో ప్రింటు తీసేదాన్ని. అన్నీ ఒక్కసారి ప్రింటుకు పంపుదామంటే కంప్యూటర్ బిగుసుకుపోయేది. పని తెమల్లేదు. రోజూ కొత్తగా అవరెకాయలు కొన్నాను. పదకొండు రోజులు మా ఇంట్లో అవరెగింజల చారు, ఉప్మా, రొట్టె, మళ్ళీ చారు. మావారు కాలు నయం కాకుండానే లేచి నడవడం మొదలుపెట్టారు, హోటలుకు.

పక్కపక్కన కూర్చుంటే ఎంతసేపని మూతి ముడుచుకుంటాం? మొదట కాయల్లో పురుగు గురించి మాట్లాడుకున్నాం. తర్వాత ఆమె మోకాళ్ళ గురించి. ఆ తర్వాత మావారి గురించి, అది చాలాసేపు సాగింది.

పదకొండో రోజు ఆఖరి పాఠం ప్రింటు అయ్యింది. వదిన చేతులు దులుపుకుంటూ అంది.

"అయిపోయినాదా నీ పని?"

"ఏ పని వదినా?"

"నేను పెరట్లోకి పోతే మిషన్ నిలిచిపోతాది, వస్తే మొదలైతాది. నాకు కండ్లు లేవనుకుంటివా?"

ప్రింటు కాగితాలు సర్దుతూ, "మరి ముందే ఎందుకు అడగలేదు?" అన్నాను.

"అడిగితే సిగ్గుపడి నన్ను పిలిచేది మానేస్తివంటే?" అని గొడుగు తీసుకుని లేచింది.

నోట్సు పిల్లలకు అందింది. పరీక్షలు బాగానే రాశారు.

కొన్ని నెలల తర్వాత ఒకరోజు సెల్వం ఇటుగా వస్తే, ఆ కంప్యూటర్లో పనికొచ్చే భాగాలుంటే తీసుకెళ్ళమన్నాను. అతను పక్క రేకు విప్పి టార్చి వేసి లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు.

"టీచర్, పెన్‌డ్రైవ్ లైను ఈ చిప్పులో నుంచే పోవాల. ఇది కాలిపోయుండాది. మసి మీద దుమ్ము ఎంత మందం పట్టినాదో చూడండి. జనవరిలో నేను వచ్చినప్పటికే కాలిపోయుంటాది ఇది. ఆ పొద్దు పైపైన చూసి పోయినాను గాని, దీంట్లో ఏ డ్రైవూ తెరుచుకోదు."

నేను లోపలికి వెళ్ళి ప్రింటు కట్ట తెచ్చి అతని చేతిలో పెట్టాను.

అతను కొన్ని పేజీలు తిరగేశాడు. "ల్యాప్‌టాప్‌లో తీసింటారు," అన్నాడు. ల్యాప్‌టాప్‌లో ఆ ఫాంటు లేదని అతనికీ తెలుసు. రేకు మళ్ళీ బిగించాడు. ఒక్క భాగం కూడా తీసుకోలేదు. కాఫీ కలుపుతున్నానని చెప్తున్నా వినకుండా వెళ్ళిపోయాడు.

వదినకు చెప్తే, "అట్లయితే ఇంగ నేను వచ్చేదేం వద్దా?" అని అడిగింది. రమ్మన్నాను. ఇప్పటికీ వస్తుంది. కంప్యూటర్ మాత్రం ఆ తర్వాత ఆమె ఉన్నా తెరుచుకోలేదు.

ఎన్నిసార్లు ఆలోచించినా నాకు జవాబు దొరకలేదు. ఈమధ్య క్లాసులో విద్యుత్తు పాఠం చెప్పాను. తెగిన వలయంలో కరెంటు ప్రవహించదని ఎప్పటిలాగే బోర్డు మీద రాశాను. ఏటా ఆ వాక్యం కింద గీత గీసుకోమని పిల్లలకు చెప్పేదాన్ని. ఈసారి చెప్పలేదు.