అర ఇంచు తేడా

నాచారంలో నా టైలర్ షాపుకి వచ్చేవాళ్ళలో రెండు పక్కలా సమానంగా ఉన్న మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. ఒకరికి ఎడమ భుజం దిగి ఉంటుంది. ఇంకొకరికి పొట్ట ముందు షాపులోకి వస్తుంది, మనిషి వెనక వస్తాడు. ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి ఒకే పక్క మూటలు మోసినవాళ్ళ నడకే వేరు. నేను ఎవరికీ ఏమీ చెప్పను, కత్తెర దగ్గరే కాస్త సర్దేస్తాను. చొక్కా తొడుక్కుని అద్దంలో చూసుకుని, "మాస్టర్, నీ చేతిల మహిమ ఉంది" అని మురిసిపోతారు. మహిమ ఏమీ లేదు, కుట్టు లోపల వదిలిన మార్జిన్ ఉంది.

ఆ సర్దే విద్యే ఇంట్లో నన్ను ముంచింది.

మా పాపకి ఏడో తరగతి దాకా యూనిఫాం నేనే కుట్టాను. ఎనిమిదికి రాగానే స్కూలువాళ్ళు రంగు మార్చి, రెడీమేడే కొనాలన్నారు. టైలర్ బిడ్డకి రెడీమేడ్! నా మిషన్ మీదికి సవతిని తెచ్చినట్టయింది. పాప ఆ కుర్తా తొడుక్కుని వచ్చి నిలబడింది. కుడి భుజం దగ్గర బట్ట లేచింది, ఎడమ పక్క అంచు కిందికి జారింది. నాకు పండగే అయింది.

"సూడు, సూడు! రెండు పక్కలు సమానంగ కుట్టుడు రాదు, షాపులు మాత్రం గంత పెద్దగ పెడ్తరు."

"నువ్వు కుట్టలేదని నీ కడుపుమంట" అంది మా ఆవిడ.

పాపని బండి మీద ఎక్కించుకుని ఉప్పల్‌లో ఆ షాపుకి పోయి గొడవ పెట్టుకున్నాను. ఇంకొకటి ఇచ్చారు, అదీ వంకరే. మూడోదీ వంకరే. షాపాయన వయసు మళ్ళినాయన, నా నోటికి ఏమాత్రం బెదరలేదు. మూడు కుర్తాలనూ కౌంటర్ మీద ఒకదాని మీద ఒకటి పరిచాడు. అంచుకి అంచు, భుజానికి భుజం సరిగ్గా కలిశాయి.

"మాస్టర్, బట్ట సక్కగనే ఉంది. జర పాపను సూడు" అన్నాడు మెల్లగా.

ఇంటికొచ్చి కొలతల పుస్తకం తీశాను. పాప పేజీలో ఐదో తరగతప్పుడు రెండు భుజాలూ ఒకటే. ఆరో తరగతి దగ్గర నా రాతే ఉంది: "ఎడమ భుజం పావు ఇంచు తగ్గించు." ఏడో తరగతి దగ్గర: "అర ఇంచు." ఊళ్ళోవాళ్ళకి సర్దినట్టే నా బిడ్డకీ సర్దేశాను. టేపుకి తెలిసింది, కత్తెరకి తెలిసింది. తండ్రికి తెలియలేదు.

ఎముకల డాక్టరు పాపని ముందుకు వంగమన్నారు. వంగగానే వీపు కుడి పక్క చిన్న దిబ్బలా లేచింది. ఎక్స్‌రేలో వెన్నెముక సగం దాకా బుద్ధిగా దిగి, ఒక పక్కకి వాలి, మళ్ళీ దారికొచ్చింది.

"మన గల్లీ లెక్కనే ఉంది డాడీ" అంది పాప.

డాక్టరు నవ్వారు. మా ఇంట్లో జోకులేసే డ్యూటీ నాది, ఆ రోజు నేను సెలవు పెట్టాను. ముప్పై డిగ్రీల వంపు అన్నారాయన. లెక్కల క్లాసులో కోణాలంటే భయపడి ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ని నేను. ఆ కోణం ఇన్నేళ్ళు వెతికి వెతికి దవాఖానాలో పట్టుకుంది.

"నేనే కప్పిపెట్టిన సార్, రెండేండ్ల నుంచి" అన్నాను, పుస్తకం సంగతంతా చెప్పి.

"బ్యాగు బరువు వల్ల రాలేదు, పడుకునే తీరు వల్ల రాలేదు. మీ వల్ల అసలే రాలేదు" అన్నారాయన. "పాప ఇంకా పొడుగు పెరుగుతది. అది ఆగేదాకా బెల్టు వేసుకోవాలి, రోజుకి ఇరవై రెండు గంటలు. వంపు ఇక్కడే ఆగితే మనం గెలిచినట్టే. ఆగకుండా పెరుగుతూ పోతే మాత్రం ఆపరేషన్ గురించి మాట్లాడుకోవాలి."

ఆపరేషన్ అన్న మాట దగ్గర మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. చాలా గట్టిగా పట్టుకుంది.

సంగతి తెలిసి మేడిపల్లి నుంచి మా అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, మా దిక్కు నూనె మర్దన జేసేటాయన ఉన్నడు. నెల రోజుల్ల సక్కగ జేస్తడంట."

"ముందుగాల ఆయన భుజాలు కొలిచి చెప్పక్కా" అన్నాను. అక్క ఫోన్ పెట్టేసింది.

బెల్టంటే నడుముకి కట్టుకునేదనుకున్నాం. వచ్చింది చూస్తే చంకల కింద నుంచి తుంటి దాకా పట్టేసే గట్టి ప్లాస్టిక్ డొల్ల. వెనక పట్టీలు లాగి బిగించాలి. మొదటి వారం లోపలి బనీను కుట్లు ఒత్తుకుని పాప చర్మం మీద ఎర్రటి గీతలు పడ్డాయి. అక్కడ నా పని మొదలైంది. పక్క కుట్లు తీసేశాను. ఒకే ఒక్క కుట్టు, అదీ బెల్టు ఒత్తని చోట, ముందు వైపు, కుట్టు గరుకు పక్క బయటికి తిప్పి వేశాను. కాలర్ లేదు, జేబు లేదు, గుండీ లేదు. పెళ్ళికొడుకుల సూట్లకి కూడా అంతసేపు ఆలోచించలేదు నేను. మూడో బనీనుకి గీతలు పడడం ఆగింది.

ఆ ఊపులో, బెల్టు పైకి కనబడకుండా వదులుగా ఒక యూనిఫాం కూడా కుట్టాను. స్కూల్లో అడిగితే సరే అన్నారు. పాప తొడుక్కుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగింది.

"డాడీ, దీంట్ల ఎన్ని కిలోల బియ్యం పడ్తయి?"

"కనబడొద్దని కుట్టిన బిడ్డా."

"దాస్తె ఇంకెక్కువ అడుగుతరు. నేనే చెప్పేస్త."

మామూలు యూనిఫామే వేసుకుని పోయింది. సాయంత్రం దాకా నేను ఒక్క గుడ్డ కూడా సరిగ్గా కత్తిరించలేదు. వచ్చాక అడిగితే, "నాతోని మాట్లాడాల్నంటె ముందు తలుపు కొట్టున్రి అన్న. క్లాసంత వచ్చి టక్ టక్ కొట్టిపోయిన్రు" అని పొట్ట మీద కొట్టి చూపించింది. ఈ నోరు నా దగ్గర నుంచే వచ్చింది, సందేహం లేదు.

అంతా కుదిరిందనుకున్నాం. వానాకాలంలో బనీన్లు తేడాగా కనబడ్డాయి. బెల్టు కింద పొద్దంతా ఉన్న గుడ్డకి ఒక ముడత పడుతుంది, చెమటతో అక్కడే బిగుసుకుంటుంది. స్కూలు నుంచి వచ్చిన బనీను మాత్రం ఇస్త్రీ చేసినట్టుంది. అడగాలా వద్దా అని నాన్చుతుండగానే ఎక్స్‌రే రోజు వచ్చింది.

"వంపు కాస్త కదిలినట్టుంది. గంటలు సరిపోతున్నాయా?" అన్నారు డాక్టరు.

పాప కింద టైల్స్ లెక్కపెట్టసాగింది.

బయట కుర్చీల్లో కూర్చున్నాక నేనే అన్నాను. "బనీను చెప్పింది నాకు. బెల్టు స్కూల్ల యాడ పెడ్తున్నవ్?"

"బాత్రూంల తీసి బ్యాగుల పెడ్తున్న." ఎక్స్‌రే కవరు అంచుని గోటితో గీకింది. "బెల్టుంటె ఖోఖోకు పిలుస్తలేరు డాడీ. దెబ్బ తాకుతదని పక్కకు కూసోబెడ్తున్రు."

నేను పిల్లలు ఎక్కిరిస్తారేమో అనుకుని బియ్యం సంచి కుట్టాను. దానికి కావలసింది ఖోఖో.

మళ్ళీ లోపలికి పోయాం. ఆటప్పుడు తీసేయొచ్చని మొదటి రోజే చెప్పానని డాక్టరు అన్నారు. నిజమే చెప్పారు. ఆపరేషన్ మాట తరవాత చెప్పినవి మా ఇద్దరికీ వినబడలేదు. అక్కడే బేరం కుదిరింది: ఆటకి ఒక గంట, స్నానానికి కాసేపు, మిగతా టైమంతా బెల్టు. ఆట టీచర్‌కి ఇవ్వమని ఒక చీటీ కూడా రాసిచ్చారు. పాప దాన్ని రెండు చేతులతో తీసుకుంది.

ఆ తరవాత బనీన్లకి ముడతలొచ్చాయి. ఎండాకాలం వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. కరెంటు పోతే మా ఆవిడ విసనకర్రతో బెల్టు సందులోకి విసిరేది. "పండుకో అమ్మా, నేను ఇడ్లీ పాత్రల ఉన్న, ఎట్లనన్న ఉడుకుతనే ఉంట" అనేది పాప. ఎక్స్‌రే తీసిన ప్రతిసారీ మేము ముగ్గురం డాక్టరు మొఖం చదివేవాళ్ళం. చదువు మానేసినవాణ్ని కదా, నాకే అన్నిటికంటే ఆలస్యంగా అర్థమయ్యేది.

పోయిన నెల ఆయన ఫిల్ములు రెండు పక్కపక్కన పెట్టి చూపించారు. పొడుగు పెరగడం ఆగింది. వంపు మొదట ఎంతుందో ఇప్పుడూ దాదాపు అంతే ఉంది. పూర్తిగా నిటారు కాదు, అలాగే ఉంటుంది, దాంతో బతకడానికి ఏ ఇబ్బందీ లేదన్నారు. కొన్ని నెలలుగా గంటలు తగ్గిస్తూ వచ్చిన బెల్టుని ఇక ఆపేయమన్నారు.

ఉప్పల్ దవాఖానా నుంచి బండి మీద ఇంటికి బయల్దేరాం. ఆ రోజు రాలేకపోయిన మా ఆవిడకి బండెక్కే ముందు ఫోన్‌లో చెప్పేసరికి అవతల ఏడుపో నవ్వో తెలియని సప్పుడు వచ్చింది. స్పీడ్ బ్రేకర్ దగ్గర బ్రేకు వేస్తే పాప వచ్చి నా వీపుకి తాకింది. బెల్టు డొల్లలా గట్టిగా కాదు, మెత్తగా, మనిషిలా.

"మెల్లగ తోలు డాడీ" అంది వెనక నుంచి. "ఇగ నాకు బంపర్ లేదు."