లేదు అనని సర్వరు

ఆ రోజుల్లో నాకు కంప్యూటరు భాషలు మూడు వచ్చేవి గానీ, ‘లేదు’ అనే తెలుగు మాట ఒక్కటి నోట పలికేది కాదు. తప్పు నాది కాదు, మా అవ్వ పెంపకానిది. మా ఇంట్లో బియ్యం అయిపోయాయి అనకూడదు, నిండుకున్నాయి అనాలి. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. గడప దాటుతూ ‘పోతున్నా’ అన్నామా, వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, నీళ్లు తాగించి, ‘వస్తా’ అనిపించి గానీ పంపేది కాదు. (దీనివల్ల పదో తరగతి లెక్కల పరీక్షకు పావుగంట ఆలస్యంగా వెళ్లాను. ఆ పరీక్ష నేను గట్టెక్కింది అందువల్లేనని అవ్వ ఇప్పటికీ చెబుతుంది.) ఇలా పెరిగిన పిల్లకు సర్వరు రాసే పని ఇచ్చినవాళ్లది కూడా కొంత తప్పు ఉంది.

మార్కాపురంలో పలకల దుకాణం పైన ఒక గది మా ఆఫీసు. మా సారు దాని యజమాని, నేను ఉద్యోగిని. ఎండాకాలం మా వైపు బోర్లు ఎండిపోతాయి కాబట్టి, పల్లెల వాళ్లు ఫోనులోనే నీళ్ల ట్యాంకరు చెప్పుకునేలా ఒక యాప్ చేయాలని సారు సంకల్పం. ఫోనులో కనబడే భాగం గిద్దలూరులో ఉండే ఒక అన్న రాశాడు. ఫోను అడిగిన దానికి జవాబిచ్చే సర్వరు నా వంతు. సర్వరు ఏ జవాబు పంపినా దాని నెత్తిన ఒక అంకె ఉంటుంది, లోపల మాటలుంటాయి. ఆ అంకెలకు పేర్లు పెట్టి ఒక ఫైలులో రాసుకోవాలి. రెండు వందలంటే సరే. నాలుగు వందల నాలుగంటే దొరకలేదు. నాలుగు వందల పది అంటే పోయింది, ఇక రాదు. ఐదు వందల మూడంటే ప్రస్తుతం మావల్ల కాదు.

ఆ రోజు శుక్రవారం. సారు కంప్యూటరుకు బొట్టుపెట్టి, టెంకాయ కొట్టి, నీ చేత్తో మొదలుపెట్టమ్మా అన్నారు. నేను జాబితా చూశాను. శుభమా అని మొదటి ఫైలులోనే ‘పోయింది, ఇక రాదు’ అని ఎలా రాయను? ఒక్కొక్కటే తుడిచేశాను. చివరికి రెండు వందలు ఒక్కటే మిగిలింది. ట్యాంకరు లేనప్పుడు ఏం చేయాలన్నది కూడా ఆలోచించాను లెండి, మరీ అంత తెలివితక్కువదాన్ని కాదు. నెత్తిన రెండు వందలే ఉంచి, లోపల ‘మీ మాట అందింది, వీలు చూసి కబురు చేస్తాము’ అని మర్యాదగా రాశాను. సారు చదివి, చాలా శుభంగా ఉందన్నారు.

నాలుగు మూలలా పసుపు రాసిన కార్డు వస్తే పెళ్లి అనుకుంటారు గానీ, లోపల చావు కబురు ఉందేమోనని ఎవరూ వెతకరు. గిద్దలూరన్న రాసిన యాప్ కూడా అంతే. అది అంకె చూసేది, లోపల చదివేది కాదు. రెండు వందలు కనబడగానే పచ్చటి టిక్కు పెట్టి, ‘ట్యాంకరు బయలుదేరింది’ అని చూపించేది. నేను కార్డులన్నిటికీ పసుపు రాసి పంపాను.

మా మామకు, అంటే అమ్మ తమ్ముడికి, త్రిపురాంతకం బస్సు దారిలో ఒక పల్లెలో అరవై గొర్రెలున్నాయి. ఆ మే నెలలో ఆయన బోరు ఎండిపోయింది. మేనకోడలు చేసిన యాప్ కదా అని పొద్దున్నే ట్యాంకరు చెప్పాడు, పచ్చ టిక్కు వచ్చింది. తొట్టి కడిగి పెట్టుకుని కూర్చున్నాడు. తొమ్మిదింటికి ఇంకోసారి నొక్కాడు, ఇంకో టిక్కు. పదింటికి మూడోసారి నొక్కి, నాకు ఫోన్ చేశాడు. “పాపా, బండి యాడుంది? జీవాలు తొట్టి నాకుతుండాయి.” నేను కంప్యూటరులో చూశాను. ఉన్నవి రెండు ట్యాంకర్లు. రెండూ పొదిలి దారిన పోయాయి, సాయంత్రం దాకా రావు. అది నాకు స్పష్టంగా కనబడుతోంది. నోరు తెరిచాను. “వస్తాదిలే మామా” అన్నాను.

ఇది మాత్రం సర్వరు చేసిన తప్పు కాదు. ఆ మాట నేనే అన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మామ మిట్టమధ్యాహ్నం దాకా చూసి, ఇక లాభం లేదని మందను లేపి, ఆ ఎండలో నాలుగు కిలోమీటర్ల అవతల పాత పలకరాయి గుంతలో నీళ్లకు తోలుకుపోయాడు. రెండు గొర్రెపిల్లలు నడవలేకపోతే చెరో భుజాన వేసుకున్నాడట. దేవుడి దయవల్ల అన్నీ బతికాయి. సాయంత్రం మా ఆఫీసుకు వచ్చాడు. చెంబుతో నీళ్లిచ్చాను. తాగకుండా చెంబు ఒళ్లో పెట్టుకుని, మెల్లగా అన్నాడు. “లేదని చెప్పింటే సల్లపొద్దునే తోలుకపోయేవాణ్ణి గదమ్మా. టిక్కు సంగతి ఇడిచిపెట్టు. నువ్వు వస్తాదన్నావు, నీ మాట మీద కూచున్నా.” తిట్టి ఉంటే బాగుండేది. మా సారు ఈలోగా ఆ రోజు చిట్టా తీసి చూశారు. అడిగినవాళ్లు పదిహేడుగురు, పదిహేడుగురికీ ‘సరే’. కాసేపు ఆలోచించి, కంప్యూటరు ప్రకారం మనం అందరికీ నీళ్లిచ్చినట్టేనమ్మా అన్నారు.

ఇంటికి పోయి అవ్వ మీద విరుచుకుపడ్డాను, అంతా నీవల్లే అని. అవ్వ చింతపండు పిక్కలు తీస్తూ అంతా విని, తల కూడా ఎత్తలేదు. “ఇంట్లో బియ్యానికి లేదనొద్దంటి. నీళ్ల కోసం వచ్చినోనికి అబద్ధం చెప్పమంటినా ఏంది?” అంది.

మర్నాడు శనివారం. వారం వర్జ్యం చూడకుండా, తుడిచేసిన అంకెలన్నీ వరుసగా తిరిగి రాశాను. ‘పోయింది’ కూడా రాశాను. రాసి, ఎందుకైనా మంచిదని కంప్యూటరుకు ఇంకో బొట్టు పెట్టాను. తర్వాతి వారం మామ ఫోనుకు మొదటి ఐదు వందల మూడు వెళ్లింది. ఎర్ర గుర్తు చూసి పొద్దున ఆరింటికే మందను గుంతకు తోలుకుపోయి, అక్కడినుంచి ఫోన్ చేసి, ఇప్పుడు బాగా పనిచేస్తోందమ్మా నీ యాప్ అని మెచ్చుకున్నాడు.

ఇప్పుడు పెద్ద ఆఫీసులో నా కింద ఆరుగురు పనిచేస్తున్నారు. అన్నిటికీ రెండు వందలు పంపేవాళ్లు ఏటా ఒకరైనా దొరుకుతారు. కోప్పడను, గొర్రెల కథ చెబుతాను. మొన్న మామ ఫోన్ చేసి, ఆదివారం వస్తావా పాపా అని అడిగాడు. వెనకటి పిల్లయితే ‘వస్తాలే మామా’ అనేసి, ఆయన్ను సాయంత్రం దాకా బస్సుల వంక చూస్తూ కూర్చోబెట్టేది. పాపం, ఆ పిల్లకు మామ మీద ప్రేమ తక్కువేం కాదు. ఈ వారం రాలేను మామా అన్నాను.

“మంచిదమ్మా, చెప్పినావు. నీకోసమని కోడిని గంప కింద మూసిపెట్టినా, ఇడిచిపెడతా” అన్నాడు.