విరుగుడు కుండ

మా బావను బజారంతా అనుమానం మాస్టారు అంటారు. రసగుల్లా కొనుక్కున్నవాడు దాన్ని రెండుగా విరిచి లోపలికి చూస్తే చాలు, "ఏం వెతుకుతున్నారు?" అని అడుగుతాడు. ఎవరైనా "చాలా బాగుంది మాస్టారూ" అంటే, "ఎందుకలా అంటున్నారు?" అంటాడు. మా అక్కతో సంబంధం కుదిరినప్పుడు కూడా, "వీళ్ళు ఇంత తొందరగా ఎందుకు ఒప్పుకున్నట్టు?" అని నెల్లాళ్ళు నిద్ర పట్టక దొర్లాడట. ఆ జవాబు ఇప్పటికీ దొరకలేదని నా అనుమానం. ఆ ఇంటి గాలి తగిలితే ఎవరికైనా అనుమానాలు పుడతాయి.

బావ మిఠాయి కొట్లో గల్లా దగ్గర నేను కూర్చుంటాను. అక్క లోపల ఉండలు చేస్తుంది, డబ్బాలు కడుతుంది. నా కుడిచేతి వైపు అల్మారాలో జిలేబీ, గులాబ్‌జామ్, కలాకండ్ ఉంటాయి. ఎడమచేతి వైపు బెంగాలీ మిఠాయిలు: రసగుల్లా, సందేశ్, చంచం, రసమలై. కుడి అల్మారా మాకు అన్నం పెడుతుంది, ఎడమ అల్మారా పేరు తెచ్చిపెడుతుంది. ఆ ఎడమ అల్మారాకంతటికీ మూలాధారం వంటగది మూలనున్న ఒక మట్టికుండ.

ఆ కుండ సంగతి చెప్పకపోతే మా బావ సంగతి చెప్పినట్టు కాదు. రసగుల్లాకు పాలు విరగ్గొట్టాలి కదా. అందరూ నిమ్మకాయ పిండుతారు. బావ మాత్రం నిన్నటి విరిగిన పాలను వడకట్టగా మిగిలిన పుల్లటి తేటను పోస్తాడు. దాన్నే మా కొట్లో విరుగుడు అంటాం. ఈరోజు తేట రేపటికి, రేపటిది ఎల్లుండికి. అది తగినంత పులిస్తే పాలు పువ్వులా విరుగుతాయి. ఒక పూట తక్కువైతే విరగవు, ఎక్కువైతే రసగుల్లా పళ్ళకు అంటుకునే రబ్బరవుతుంది. పులుపు ఎంతవరకు వచ్చిందో చెప్పే కొలత ఏదీ లేదు. బావ మూత తీసి ముక్కు పెట్టి ఒక్కసారి పీల్చేవాడు. "ఉదయానికి" అనో, "ఇప్పుడే" అనో అనేవాడు. అంతే.

ఆ విద్య ఆయనకు ఎవరూ నేర్పలేదు. చిన్నప్పుడు ఒక పెద్ద మిఠాయి మాస్టరు దగ్గర గిన్నెలు తోమడానికి కుదిరాడు. ఆ పెద్దాయన తన కుండను తెర వెనక దాచి, తలుపేసుకుని పాలు విరగ్గొట్టేవాడట. తలుపు సందులోంచి వచ్చే వాసన పట్టుకుని మా బావ పని నేర్చుకున్నాడు. పక్కనే గిన్నెలు తోమిన ఇంకో మనిషి కూడా అలాగే నేర్చుకున్నాడు. ఆ మనిషే ఇప్పుడు మా ఎదురు కొట్టు యజమాని. పెద్దాయన పోయేముందు ఇద్దరికీ చెరో చెంబు విరుగుడు ఇచ్చాడు. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఎదురు కొట్టు రసగుల్లాలు పిల్లలు బంతాట ఆడుకోవడానికి పనికొస్తాయని మా బావ వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు. దొంగచాటుగా నేర్చుకున్నవాడికి లోకమంతా సందులోంచి చూస్తున్నట్టే ఉంటుంది మరి.

మొన్న చలికాలంలో బావకు జ్వరం వచ్చి మంచం పట్టాడు. లేచి వచ్చాక చేసిన మొదటి వాయి రసగుల్లాలు పుల్లబడ్డాయి. నలుగురు తిరిగి తెచ్చిచ్చారు. బావ నేరుగా పాలాయన మీద పడ్డాడు. "నీళ్ళు కలుపుతున్నావు" అన్నాడు. ఆయన బిడ్డల మీద ఒట్టు వేసినా వినకుండా మాన్పించేశాడు. కొత్త పాలు వచ్చాయి, రసగుల్లాలు మళ్ళీ బాగుపడ్డాయి. "చూశావా మరదలా, నా అనుమానం ఎప్పుడైనా తప్పిందా?" అని నా దగ్గర మీసం దువ్వాడు.

అలా కొంతకాలం గడిచింది. ఒకరోజు పొద్దున్నే వంటగదిలోంచి కేక వినిపించింది.

"ఎవరో కుండ ముట్టుకున్నారు!"

కుండ మూతి మీద గుడ్డ కప్పి తాడుతో ముడి వేయడం బావ అలవాటు. ఆ ముడి తిరగబడి ఉందట. "ఇది కుడిచేతి ముడి కాదు. ఎవరో పుర్రచేతివాటం మనిషి" అన్నాడు. ఇక చూడండి, కొట్లో అడుగుపెట్టిన ప్రతివాడి చేతికీ ఒక తాడుముక్క. కొత్త పాలాయన, చక్కెర బస్తాలు దింపే మనిషి, ఆఖరికి కరెంటు మీటరు చూడటానికి వచ్చినాయన, అందరూ ముడి వేసి చూపించాల్సిందే. నాచేత కూడా వేయించాడు. నేను వేసిన ముడిని వెలుగులో అటూ ఇటూ తిప్పి, "నీది కాదులే" అని అయిష్టంగా ఒప్పుకున్నాడు.

అక్క వంతు వచ్చేసరికి, "నా చేతులకు పిండి ఉంది" అని లోపలికి వెళ్ళిపోయింది. అక్క పుర్రచేతివాటం మనిషి. చిన్నప్పుడు అమ్మ కొట్టి కొట్టి అన్నం మాత్రం కుడిచేత్తో తినడం నేర్పింది. మిగతా పనులన్నీ ఎడమచేత్తోనే. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి ఆ సంగతి మరిచిపోయాడా, గుర్తుండి పైకి అనడం లేదా? రెండోదే నిజమని నాకు అనిపించింది. మనిషి మాట తగ్గించాడు. అక్క వెనక నుంచి చూడటం మొదలుపెట్టాడు.

"దొంగ దొరికేదాకా పాలు విరగ్గొట్టను" అన్నాడు. ఎడమ అల్మారా ఖాళీ అయింది. వచ్చినవాళ్ళు ఖాళీ అల్మారా చూసి, రోడ్డు దాటి ఎదురు కొట్టుకు వెళ్ళేవాళ్ళు. బావ పగలంతా కుండ పక్కనే స్టూలు వేసుకుని కూర్చునేవాడు.

మూడోరోజు నన్ను పెరట్లోకి పిలిచాడు. ముఖం నల్లబడిపోయి ఉంది.

"మీ అక్క వెనక గుమ్మం దగ్గర వాడితో మాట్లాడుతోంది."

"ఎవరితో?"

"ఎదురు కొట్టు వాడితోనే. 'విరుగుడు సంగతి ఆయనకు తెలియకూడదు అన్నయ్యా' అంది. నా చెవులతో విన్నాను. నా కుండను వాడికి అప్పగిస్తోంది మరదలా. అదే నిజమైతే ఈ కొట్టు మూసేస్తాను. మీ అక్క మీ ఇంటికి, నేను నా దారిన."

నవ్వి తీసిపారేద్దామనుకున్నాను. నవ్వు రాలేదు. అక్క ఈమధ్య మధ్యాహ్నం పూట క్యారేజీ పట్టుకుని ఎక్కడికో వెళ్ళొస్తోంది. నేను అడిగితే మాట మార్చింది. తోడబుట్టినదాన్ని అనుమానించడం ఎంత నీచంగా ఉంటుందో నాకు ఆరోజే తెలిసింది. అయినా అనుమానించాను.

మర్నాడు మధ్యాహ్నం కొట్టు తలుపులు వేశాక, నెయ్యి బేరం ఉందని చెప్పి బావ బయటికి వెళ్ళాడు. నేను కూడా పనుందని బయలుదేరాను. ఇద్దరం పెరటి దారిన తిరిగొచ్చి చక్కెర బస్తాల వెనక నక్కాం. చీమ కుట్టినట్టయినా లేదు అంటారు చూడండి, మాకు మాత్రం నిజంగానే కుట్టడం మొదలుపెట్టాయి. బావ కదల్లేదు. నేను చీర బిగపట్టుకుని పళ్ళు కొరుక్కున్నాను.

అక్క వచ్చింది. చేతిలో క్యారేజీ. నేరుగా కుండ దగ్గరికి వెళ్ళి ముడి విప్పి, మూత తీసి, చటుక్కున ముఖం తిప్పుకుంది. మరుక్షణం ఆ వాసన బస్తాల వెనక్కి వచ్చింది. కుళ్ళిన వాసన. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని బావ వైపు చూశాను.

ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. కళ్ళు మాత్రం అక్క చేతుల్నే చూస్తున్నాయి.

అక్క కుండలోదంతా తూములో పారబోసింది. నీళ్ళతో కడిగింది. క్యారేజీలోది కుండలో పోసి, గుడ్డ కప్పి, ఎడమచేత్తో ముడి వేసింది. బావ ఒక్క గెంతు గెంతాడు. పై బస్తా కింద పడింది.

"దొరికావే! నా విరుగుడు వాడికి ఇస్తున్నావు కదూ!"

అక్క ఉలిక్కిపడింది కానీ పారిపోలేదు. "ఇచ్చేదాన్నయితే పారబోస్తానా?" అంది.

"మరి ఆ క్యారేజీలోది ఏంటి?"

"విరుగుడే. ఎదురు కొట్టు అన్నయ్య ఇచ్చారు."

"వాడిది తెచ్చి నా కుండలో పోస్తావా? నా బంగారం లాంటి విరుగుడు తూములో పోస్తావా? దానికేమొచ్చింది?"

అక్క నా వైపు చూసింది. తను చెప్పలేకపోతోందని అర్థమైంది. నేనే అడిగాను.

"బావా, నీకు వాసన రావడం లేదా?"

"ఏ వాసన?" అన్నాడు బావ.

బావ మమ్మల్ని మార్చి మార్చి చూశాడు. తూము దగ్గరికి వెళ్ళి వంగాడు. పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. లేచి అరలోంచి ఏలకుల డబ్బా తీసి, నాలుగు గింజలు నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. గులాబీ నీళ్ళ సీసా మూత తీసి ముక్కుకు ఆనించుకున్నాడు.

"ఈ ఏలకులు నకిలీవి" అన్నాడు.

"ఏలకులు మంచివేనండీ" అంది అక్క.

బావ పడిపోయిన బస్తా మీద కూలబడ్డాడు. "ఎప్పట్నుంచి?"

"జ్వరం తగ్గినప్పట్నుంచి. ఆరోజు కుండ పాడైంది. మీరు ముక్కు పెట్టి చూసి, దివ్యంగా ఉందన్నారు. అప్పుడే తెలిసింది నాకు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నమ్మేవారా? నమ్మితే మళ్ళీ ఈ పొయ్యి దగ్గర నిలబడేవారా?"

"నీకెలా తెలుస్తుందే, ఎప్పుడు పారబోయాలో?"

"ఇన్నేళ్ళూ మీ పక్కనే ఉన్నాను కదండీ. మీరు పీల్చినప్పుడల్లా నేనూ పీల్చాను. ఈ నాలుగు రోజులూ మీరు కదలకుండా కూర్చున్నారు. అందుకే కుండ ఇంతగా పాడైంది."

బావకు ఇంకా అనుమానం తీరలేదు. "విరుగుడు సంగతి నాకు తెలియకూడదని వాడితో అన్నావు. విన్నాను."

"లోకంలో అందరికీ విరుగుడంటే మందు. మీ ఒక్కరికే పుల్లటి నీళ్ళు" అని అక్క ఏడుస్తూ నవ్వింది. "మందే తెచ్చానండీ మీకు."

"వాడు ఎవరెవరితో చెప్పాడు?"

"ఎవరితోనూ చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదు?" బావ నిజంగానే అడిగాడు. ఆయనకు అది బుర్రకెక్కలేదు.

"మీ ఇద్దరిదీ ఒకే కుండట. మీది పోతే తనదీ సగం పోయినట్టేనట."

బావ లేచి, కొట్టు తలుపు ఓరగా తెరిచి రోడ్డు అవతలి కొట్టు వైపు చూశాడు. అక్కడినుంచి ఎవరైనా నవ్వుతున్నారేమోనని చూశాడనుకుంటాను. ఎవరూ నవ్వడం లేదు. ఆ కొట్టాయన జిలేబీలు చుట్టుకుంటున్నాడు.

మర్నాడు పొద్దున పాత పాలాయన్ని కబురంపి పిలిపించాడు. "నీ పాలల్లో నీళ్ళు లేవట" అన్నాడు. ఆయన భాషలో క్షమాపణ అంటే అదే. పాలాయన చాలా సంవత్సరాలుగా ఎరిగినవాడు కాబట్టి సరిపెట్టుకుని పాలు పోశాడు.

తర్వాత కుండ ముడి విప్పి, మూత తీసి, అక్క వైపు జరిపాడు. అక్క వంగి వాసన చూసింది.

"ఇప్పుడే" అంది.

బావ నా వైపు తిరిగి, "మరదలా, నువ్వూ ఒకసారి చూడు" అన్నాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు. నాకు తెలియకపోయినా, "ఇప్పుడే బావా" అన్నాను.

పాలు విరిగాయి. అక్క ఉండలు చేసింది. పాకంలో ఉడికాయి, పొంగాయి. పొయ్యి కట్టేసి, పెద్ద పళ్ళెంలో వేసి చల్లార్చారు. మొదటి రసగుల్లా ఎప్పుడూ బావే తింటాడు. అది నచ్చితేనే మిగతావి అల్మారా ఎక్కుతాయి. ఆరోజు గిన్నెలో వేసి అక్క చేతికిచ్చి, ఎదురుగా నిలబడి ఆవిడ ముఖాన్నే చూశాడు.

"ఎలా ఉంది? నిజం చెప్పు."

"బాగుంది."

"మరి కళ్ళల్లో నీళ్ళెందుకు?"

"పొయ్యి ఆవిరండీ."

బావ పొయ్యి వైపు చూశాడు. అది ఆర్పేసి చాలాసేపయింది. ఆయన చూశాడని నేనూ చూశాను, అక్కా చూసింది. బావ పళ్ళెం ఎత్తుకుని, ఒక్క మాట కూడా అనకుండా, ఎడమ అల్మారా వైపు వెళ్ళాడు.